పెద్దమ్మ టీవీలో చూసిన పెళ్ళి

జ్ఞానప్రసూనాంబకు చెల్లెలి కూతురి పెళ్ళిపిలుపు వాట్సాప్‌లో వచ్చింది. కార్డు కూడా కాదు, కార్డుకి తీసిన ఫొటో. దాని కింద ఒక లింకు, ఆ లింకు కింద "రాలేనివారు లైవులో వీక్షించి ఆశీర్వదించగలరు" అని గులాబీరంగు అక్షరాలు.

"రాలేనివాళ్ళట. ఇది నన్ను ఉద్దేశించి రాసిందే," అంది భర్తతో.

వీరభద్రరావు పేపరు దించలేదు. "అందరికీ పంపుతారే అది," అన్నాడు.

ఆయన ఇరిగేషను ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు అటునుంచి ఇటు జరిపి రిటైరైన మనిషి. పౌరుషం అన్నది ఏ ఫైల్లోనూ ఆయనకు తగల్లేదని జ్ఞానప్రసూనాంబ అభిప్రాయం. ఆవిడకి మాత్రం కావలసినంత ఉంది. లెక్కల టీచరుగా చేసినంతకాలం హెడ్మాస్టర్లు సైతం ఆవిడ దారిలోంచి తప్పుకుని నడిచేవాళ్ళు.

అసలు మంట కార్డు గురించి కాదు. చెల్లెలు పద్మావతి ఉండేది కంకిపాడులో, వీళ్ళుండేది పటమటలో. మధ్యలో బస్సెక్కితే అరగంట. పెళ్ళి బట్టలకని పద్మావతి విజయవాడ వచ్చిన ప్రతిసారీ అక్కగారింట్లోనే దిగింది, సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని కాఫీ తాగింది, చీరలన్నీ విప్పి ఏది బాగుందో చెప్పమంది, అన్నీ మళ్ళీ మడతలు పెట్టించుకుని పోయింది. అంతే. వెళ్తూ వెళ్తూ ఎదురు ఫ్లాటు రుచిత తలుపు తట్టి, కుంకుమ భరిణె తీసి, ఆ అమ్మాయి నుదుట బొట్టు పెట్టి, "మా శ్రీలలిత పెళ్ళి, తప్పకుండా రావాలమ్మా" అని మరీ పిలిచింది. మొన్న మొన్న అద్దెకి దిగినదానికి బొట్టు. తోడబుట్టినదానికి వాట్సాపు. జ్ఞానప్రసూనాంబ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. చూసి నవ్వింది కూడా. ఆ నవ్వు ఎలాంటిదో తెలియాలంటే ఆవిడ దగ్గర లెక్కలు తప్పిన పిల్లల్ని అడగాలి.

అడగొచ్చుగా నన్నెందుకు పిలవలేదని. అడగదు. అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది? "పిలవని పేరంటానికి వెళ్ళే రకం కాదు నేను. మీరు కూడా వెళ్ళడానికి వీల్లేదు," అని భర్తకి ఖరాఖండీగా చెప్పేసింది. "ముందురోజే వచ్చేయాలి అక్కా" అని పద్మావతి ఫోన్లో అన్నప్పుడల్లా "చూద్దాంలే" అంది. ముందురోజు ఫోను చేస్తే "మోకాళ్ళు బాగోలేదే, రేపు చూద్దాం" అంది. చెల్లెలు ఆ మాట నమ్మి ఏదో నూనె పేరు చెప్పింది.

అంతా బాగానే ఉంది గానీ, శ్రీలలిత సంగతి ఒకటుంది. ఇంటర్మీడియెట్ రెండేళ్ళూ ఆ పిల్ల ఈ ఇంట్లోనే ఉండి చదివింది. పరీక్షలప్పుడు పుస్తకం మీంచి కళ్ళు తియ్యకుండా నోరు తెరిస్తే, పెద్దమ్మే ఆవకాయన్నం కలిపి ముద్దలు పెట్టేది. పిల్లల్లేని మనిషికి ఆ రెండేళ్ళే తల్లితనం అనుకోండి. ఆ పిల్లంటే ప్రాణం. దాని మెళ్ళో తాళి పడుతుంటే చూడకపోతే జ్ఞానప్రసూనాంబ బతకలేదు. వెళ్తే పరువు బతకదు. లైవు లింకనేది పుట్టిందే ఇలాంటి వాళ్ళ కోసం.

ఫోన్లో చూడొచ్చు కదా అంటే, అరచేతిలో పెళ్ళి చూస్తే ఎవరి వడ్డాణం ఎవరిదో, ఏ నెక్లెసు గిల్టో ఏం తెలుస్తుంది? పెద్దగా కనపడాలి. హాల్లో గోడకి టీవీ ఉంది. కొన్నప్పుడు వీధివీధంతా వచ్చి చూసిన టీవీయే, కానీ దానికి కేబులు తప్ప ఇంకో లోకం తెలియదు. మార్చుదామంటే వీరభద్రరావు "బొమ్మ వస్తోందిగా" అంటాడు. ఆయన వేదాంతమంతా ఆ రెండు ముక్కలే.

నెట్టు కనెక్షను ఇచ్చిన జాన్ పాల్‌కి కబురు పెట్టింది. "పాత టీవీకైనా పరవాలేదమ్మా, వెనకాల స్టిక్ గుచ్చితే యూట్యూబు, సినిమాలు అన్నీ వచ్చేస్తాయి. ఏం చూస్తారు మీరు?" అన్నాడతను.

"ప్రవచనాలు," అంది జ్ఞానప్రసూనాంబ.

రేపొస్తానమ్మా అన్నాడు. ఆ రేపు మరో రేపైంది. నెట్టువాళ్ళ రేపుకీ కేబులువాళ్ళ రేపుకీ తేడా లేదు, వైరు రంగు మారిందంతే. చివరికి పెళ్ళిరోజు పొద్దున్న, వీరభద్రరావు ఇస్త్రీ పంచె కట్టుకుని "పెన్షనర్ల సంఘం మీటింగు" అని బయటపడ్డ చాలాసేపటికి గానీ జాన్ పాల్ స్కూటరు కిందకి రాలేదు.

వచ్చినవాడు స్టిక్ గుచ్చుదామంటే టీవీకీ గోడకీ మధ్య వేలు దూరదు. టీవీని కిందికి దించాడు. గుచ్చాడు. బొమ్మ వెలిగింది, ఏదో గుండ్రంగా తిరిగింది, నల్లబడింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ నల్లబడింది.

"టీవీ ముసలిదైపోయిందమ్మా, లాగలేకపోతోంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. నువ్వు సరిగ్గా పెట్టు."

అతను నవ్వేసి, స్టిక్‌కి కరెంటు టీవీలోంచి కాకుండా ఫోను చార్జరు పెట్టి విడిగా గోడ ప్లగ్గులోంచి ఇచ్చాడు. ఈసారి వెలిగిన బొమ్మ ఆరలేదు. "ఏ ప్రవచనం పెట్టమంటారమ్మా?" అన్నాడు. ఆవిడ ఫోను చేతికిచ్చి లింకు చూపించింది.

"ఇది పెళ్ళి కదమ్మా."

"పెళ్ళిలో మంత్రాలుండవా?"

జాన్ పాల్ అక్షరాలు కొట్టుకుంటూ పోయి లైవు తెరిచాడు. "వీళ్ళు పొద్దున్నించీ ఇస్తున్నారమ్మా. మొదట్నించీ పెట్టమంటారా, లేకపోతే ఇప్పుడు అక్కడ జరిగేది..."

"నాకు పాఠాలు చెప్పకు నాయనా, చెప్పి చెప్పి రిటైరయ్యాను. మొదట్నించీ పెట్టు. ఒక్క ముక్క పోకూడదు."

మొదట్నించీ పెట్టి వెళ్ళిపోయాడు. మాట మధ్యలో తుంచేవాళ్ళకి పూర్తిగా చెప్పి తీరాలని అతనికేం మొక్కు లేదు. పొద్దున్నించీ ఆపి ఉంచి, లింకు కోసమే తెరిచిన ఫోనుని జ్ఞానప్రసూనాంబ మళ్ళీ ఆపేసింది. ఆఖరి నిమిషంలో చెల్లెలికి బుద్ధొచ్చి ఫోను చేస్తే ఎత్తకూడదు కదా, మోగుతుంటే ఎత్తకుండా ఉండడం కష్టం. అప్పుడు కూర్చుంది, కాళ్ళు చాపుకుని, పెళ్ళి చూడ్డానికి.

అబ్బ, ఏం పెళ్ళి. సన్నాయి వాయిస్తుంటే దాని మీద స్టూడియోవాడు ఇంకో పాట పూశాడు. పురోహితుడు కనపడాల్సిన చోట ఫొటోగ్రాఫరు వీపు కనపడింది. పెళ్ళికొడుకు తల్లి నగలు చూస్తే షాపులో అద్దాల బీరువాని నిలబెట్టినట్టుంది. ఆవిడ గోడ గడియారం చూసింది. ముహూర్తం పదకొండున్నరకి. గడియారం ఆ దరిదాపుల్లోనే ఉంది. తెర మీద చూస్తే ఇంకా పెళ్ళికూతురు గౌరీపూజ పీట మీదకే రాలేదు.

"అనుకున్నా. పద్మకి ఏనాడు టైము తెలుసు కనక," అంది టీవీతో. ఈ రోజుల్లో పంచాంగం పెట్టిన ముహూర్తమా ఏమన్నానా, ఫొటోగ్రాఫరు సరే అన్నదే ముహూర్తం. నేనుంటే ఈపాటికి అందరినీ పరుగులు పెట్టించేదాన్ని, అనుభవించనీ, అనుకుంది. గడియారంలో ముల్లు పదకొండున్నర దాటింది. తెర మీద పెళ్ళికూతుర్ని అప్పుడే పీట మీదకి తీసుకొచ్చారు. జ్ఞానప్రసూనాంబకి కడుపు నిండినట్టైంది.

అప్పుడు ముందు వరస కుర్చీల్లో పెన్షనర్ల సంఘం కనపడింది. ఒక్కడే ఉన్నాడు సంఘం మొత్తానికి. ఇస్త్రీ పంచె, పైన జరీ ఉత్తరీయం, చేతిలో కాఫీ. ఇంటికి రానీ చెప్తా అనుకుంది. సిగ్గులేని జన్మ.

శ్రీలలిత ముఖం దగ్గరగా చూపించారు. ఆ పిల్ల గౌరీదేవి వైపు చూడ్డం లేదు, మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తోంది. పురోహితుడి కండువాకి పెట్టిన మైకులోంచి మాటలన్నీ ఈ గదిలో పలికినట్టే వినపడుతున్నాయి.

"అమ్మాయి పక్కన కూర్చునే ముత్తైదువ ఎవరమ్మా?" అన్నాడాయన.

"మా అక్కయ్యండీ. వచ్చేస్తుంది," అన్న గొంతు పద్మావతిది.

వీరభద్రరావు లేచి దగ్గరికొచ్చాడు. "మీ అక్క రాదు పద్మా. నువ్వు బొట్టు పెట్టి పిలవలేదని భీష్మించుకు కూర్చుంది. నీకు చెప్పొద్దంది గానీ, ఇంక చెప్పక తప్పదు."

పద్మావతి చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది.

"అక్కకి బొట్టేంటి బావగారూ? బొట్టు పైవాళ్ళకి పెడతాం. మనింటి మనిషిని మనమే పిలిస్తే, నువ్వు పరాయిదానివి అని మొహమ్మీద చెప్పినట్టు కాదూ? గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి గంధం రాయాల్సింది తను. తను లేకుండా నేనేం చెయ్యను?" పురోహితుడి వైపు తిరిగింది. "ఫోను చేస్తుంటే కట్టేసుంది. పంతులుగారూ, మీరు కానివ్వండి, ఆ పీట మాత్రం అలాగే ఉంచండి. వేరేవాళ్ళని కూర్చోబెట్టొద్దు. అక్క వస్తుంది."

జ్ఞానప్రసూనాంబకి కన్నీళ్ళాగలేదు. ఇన్నాళ్ళూ గుండెల మీద మోసిన అవమానం అవమానమే కాదట. మనింటి మనిషి, అంది. ఎంత మాట అంది. ఎంత మొద్దువే నువ్వు, అని తనని తాను తిట్టుకుంది, అరవై దాటాక మొదటిసారి.

గబగబా పట్టుచీర కట్టుకుంది. టీవీ ఆపడం చేతకాక అలాగే వదిలి తలుపు తాళం వేసింది. ఆటో ఎక్కింది. ఇంకా గౌరీపూజే కదా, తాళి కట్టే వేళకి చక్కగా అందుకోవచ్చు. ఆటోనగర్ దగ్గర లారీలు అడ్డొస్తే కూడా విసుక్కోలేదు. కానూరు, పోరంకి దాటుతుంటే చెల్లెలితో ఏమనాలో వరస పెట్టుకుంది. ముందు తిడుతుంది. టైముకి ఏదీ కానివ్వవు కదే, అంటుంది. తిట్టాక కావలించుకుంటుంది. పెనమలూరు దగ్గర ఆటో అతను తొందరా అమ్మా అంటే, "మా ఇంటి పెళ్ళేలే, నేను వెళ్తేగానీ కాదు," అంది.

కల్యాణమండపం గేటు దగ్గర జనం తాంబూలం సంచులు పట్టుకుని, కిళ్ళీలు నములుతూ బయటికొస్తున్నారు. తాళి కట్టకుండానే తినేసి పోయే రకాలు, మర్యాద తెలియని జనం అనుకుంటూ లోపలికెళ్ళింది. వేదిక మీద పూలు నలిగి ఉన్నాయి. తలంబ్రాల బియ్యం కాళ్ళ కింద కరకరలాడింది. శ్రీలలిత మొగుడి పక్కన నిలబడి ఎవరితోనో ఫొటో దిగుతోంది. మెళ్ళో పసుపుతాడు ఉంది.

పద్మావతి ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తడి ఆరిపోయి చాలాసేపైనట్టుంది.

"ఎప్పుడైందే? ఇంకా గౌరీపూజేగా. ఇందాక చూశానుగా టీవీలో."

"టీవీలోనా?"

"లైవులోనే. నువ్వు మీ బావగారితో అన్నది కూడా విన్నాను. వినగానే బయల్దేరి వచ్చా."

"నేనా మాటన్నది పదింటికి అక్కా. పదకొండున్నరకి తాళి కట్టారు. ఆ నిమిషం దాకా ఆ పీట మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు నేను." పద్మావతి ఆగి ఆవిడ ముఖంలోకి చూసింది. "అంటే దాని మెళ్ళో తాళి పడుతున్నప్పుడు నువ్వింట్లో కూర్చుని, టీవీలో మమ్మల్ని చూస్తున్నావన్నమాట."

జ్ఞానప్రసూనాంబ నోరు తెరిచింది. మొదట్నించీ పెట్టమన్నాను, ఒక్క ముక్క పోకూడదన్నాను, అని చెప్పుకుందామంటే, అది ఎవరికి చెప్పుకునే ముక్క? టైముకి కానివ్వని చెల్లెల్ని చూసి ఆనందించిన ఆ అరగంటలోనే ఇక్కడ అంతా అయిపోయింది. 

పద్మావతి తిట్టలేదు. తిడితే బాగుండు. కేటరింగు కుర్రాళ్ళని అజమాయిషీ చేస్తున్నతన్ని పిలిచి, "ఈవిడకి ఈ బంతిలో చోటు చూడు బాబూ. మళ్ళీ విజయవాడ వెళ్ళాలి," అంది.

"నాకిప్పుడేం తొందర పద్మా. నేను మీతోపాటే తింటాలే."

"మాది ఆఖరి బంతి అక్కా. ఇంటివాళ్ళం కదా," అని పద్మావతి మగపెళ్ళివారికి తాంబూలాలివ్వడానికి వెళ్ళిపోయింది.

కూర్చోబెట్టారు. ఆకు వేశారు. భుజాన ఉండాల్సిన జరీ ఉత్తరీయం నడుముకి బిగించుకుని వీరభద్రరావు పప్పు బకెట్టుతో వరసలో వస్తున్నాడు. చెమటలు కక్కుతున్నాడు. భార్య ముందు ఆగి, అందరికీ వేసినట్టే ఒక గరిటెడు వేసి ముందుకెళ్ళాడు.

పక్కన కూర్చున్నావిడ పెళ్ళికొడుకు తాలూకు. మాట కలిపే మనిషిలా ఉంది. "మీరు పెళ్ళికూతురికి ఏమవుతారండీ?" అని అడిగింది.

జ్ఞానప్రసూనాంబ పప్పులో అన్నం కలుపుతూ ఉంది. ఎంతసేపు కలిపినా ముద్ద కావడం లేదు.

"పిలిచారండీ," అంది. "వచ్చాను."