నాలుగు వేళ్ళ సందు

సంచీలో మూడు జతల బట్టలు పెట్టి, వాటిమీద దళసరి శాలువా ఒత్తిపెట్టి, ఇంకా చోటుందేమోనని అక్క చెయ్యి దూర్చి చూసింది. జ్వరం మాత్రలు, దగ్గుమందు, రెండు జతల మేజోళ్ళు, సూదీదారం సర్దింది. కొండ మలుపుల్లో వాంతులవుతాయేమోనని నాలుగు ప్లాస్టిక్ కవర్లు మడిచి పక్క జేబులో దోపింది.

"పది రోజులకు వెళ్తున్నానక్కా, కాపరానికి కాదు," అంది చెల్లెలు గుమ్మంలో నిలబడి.

"నోరు ముయ్యి. అక్కడ జలుబు చేస్తే ముక్కు తుడిచేవాళ్ళెవరు?"

"యాభై రెండొచ్చాయి. నా ముక్కు నాకు అందుతుంది."

ఇద్దరే ఉంటారు ఆ ఇంట్లో. అక్క వెనక వరండాలో కుట్టుమిషను తొక్కుతుంది. చెల్లెలు కాలేజీ లాబులో పరికరాలు బాగుచేసేది. లాబు మూసేశాక ఇంట్లో కూర్చుని రెండేళ్ళపాటు ఒక గాజుబిళ్ళను అరగదీసి టెలిస్కోపు అద్దం తయారుచేసింది. ఆ అద్దం సంగతి ఎలా తెలిసిందో, కొండమీది ఖగోళ పరిశోధనశాలవాళ్ళు పిలిచారు. పది రోజులు పని చూపించు, నచ్చితే ఉద్యోగం, ఉండడానికి క్వార్టరు. వస్తావో రావో నెలాఖరులోగా చెప్పమన్నారు.

ఆ మాట విన్న రోజు నుంచి అక్కకు ముద్ద గొంతు దిగడం లేదు. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పెరట్లో చెల్లెలే కదిపింది ఆ మాట.

"ఈ దిమ్మె కుదిరితే కొండవాళ్ళకు రానని రాసేస్తానక్కా. వాళ్ళ అద్దం పెద్దదే. కానీ అందులో చూసేది వాళ్ళు, తుడిచేది నేను. ఇక్కడ నా అద్దంలో నేనే చూసుకుంటా."

దిమ్మె అంటే టెలిస్కోపును నిలబెట్టే కాంక్రీటు పునాది. పక్కింటి గోడకూ నీళ్ళ ట్యాంకుకూ మధ్య ఆకాశం విశాలంగా కనిపించేది ఒక్కచోటే, వరండా గచ్చు అంచున. అక్కడ చెల్లెలు గునపం పట్టి నడుములోతు గొయ్యి తానే తవ్వింది. చుట్టూ పలకలు బిగించి, మేస్త్రిచేత కాంక్రీటు పోయించి, పైన నాలుగు బోల్టులు నిలిపింది.

"ఇంత లోతెందుకమ్మా, ఏనుగును కట్టేస్తారా?" అన్నాడు మేస్త్రి.

"చందమామను," అంది చెల్లెలు.

బస్సెక్కేదాకా అప్పగింతలే. పొద్దున ఒకసారి, పదింటికి, మూడింటికి, పొద్దుగూకే ముందు ఒకసారి నీళ్ళు పట్టాలి. పైన కప్పిన గోనెలు ఎండకూడదు, ఎండితే బీటలు. చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. చెప్పనిది ఒక్కటే. అది చెప్పాల్సిన సంగతి అని ఆమెకు తట్టలేదు.

అక్క నాలుగుసార్లు పట్టమంటే ఆరుసార్లు పట్టింది. గోనె ఎత్తి, జ్వరం పిల్ల నుదురు చూసినట్టు దిమ్మెమీద అరచెయ్యి ఆనించేది. చల్లగా తగిలితే తన ఒళ్ళు చల్లబడేది. ఇది కుదిరితే చెల్లెలు ఉంటుంది. ఆమెకు తెలిసిన లెక్క అంతే.

ఆరో రోజు మేస్త్రి వచ్చి పలకలు ఊడదీశాడు. దిమ్మెకూ గచ్చుకూ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలింది, అడుగుదాకా.

"ఇదేంటమ్మా ఇట్లా ఉంది? ఎవరి కాలో ఇరుక్కుంటే నన్నే తిడతారు. వానకు నీళ్ళు దిగితే గచ్చు కుంగుద్ది."

అక్క కళ్ళముందు కాలు విరిగి మంచాన పడ్డ చెల్లెలు కనిపించింది. తేళ్ళు కనిపించాయి. దిగబడిన గచ్చు కనిపించింది. లేని ఆపదను పిలిచి పీట వేయడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య.

"పూడిస్తే గట్టిగా ఉంటుందా?"

"ఇంక కదిలేది లేదు. ఇల్లూ ఇదీ ఒకటైపోతాయి."

ఆ మాట అక్కకు తేనెలా దిగింది. చెల్లెలికి ఫోను చేద్దామా అనుకుంది. పరీక్ష లాంటి రోజుల్లో చీటికీ మాటికీ విసిగించడం ఎందుకులే, వచ్చి చూసి మెచ్చుకుంటుంది అనుకుంది. మేస్త్రి కాంక్రీటు కలిపి పోస్తుంటే, గాలి బుడగలు లేకుండా ఇనపచువ్వతో తానే కుదించింది. పైన తాపీతో నున్నగా తేల్చాడు. ఎక్కడ గచ్చు అయిపోయిందో, ఎక్కడ దిమ్మె మొదలైందో తెలియలేదు.

కొండమీద పని నచ్చిందనిపించుకుని పదో రోజు చెల్లెలు దిగింది. సంచీ గుమ్మంలో పడేసి పెరట్లోకి పరుగెత్తింది. దిమ్మెమీద వేలి కణుపుతో కొట్టి, "ఇనుమేనక్కా!" అంది. తరవాత కిందికి చూసింది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి.

"బాగా లేదా?" అంది అక్క.

"చూద్దాం," అంది చెల్లెలు.

వచ్చిన మూడో రోజుకు టెలిస్కోపు బిగించింది. సాయంత్రం అయిదున్నర, పలచటి వెలుతుర్లో సగం చందమామ. ముందు అక్కనే చూడమంది. గుంటలు, గుంటల్లో నీడలు, అంచున విరిగిన గిన్నె పెంకుల్లా కొండలు. అక్క ఊపిరి బిగబట్టి చూసి, "అబ్బ! దీని మొహానికీ మశూచి మచ్చలేనా!" అంటే చెల్లెలు పగలబడి నవ్వింది.

తెల్లవారి ఇవ్వాల్సిన జాకెట్లున్నాయి. అక్క వెళ్ళి మిషను తొక్కసాగింది.

"అక్కా, ఒకసారి ఆపు."

ఆపింది.

"తొక్కు... ఆపు... మళ్ళీ తొక్కు."

మూడుసార్లయ్యాక చెల్లెలు టెలిస్కోపు మీంచి కన్ను తీసింది. "చందమామ నీళ్ళలో నీడలా వణికిపోతోంది. ఆ సందు నీ మిషను కోసం వదిలానక్కా. నువ్వు తొక్కితే గచ్చు అదురుతుంది. ఆ అదురు దీనికి అంటకూడదని. నిన్నెప్పుడూ మిషను ఆపమనే పని పడకూడదని."

"ఆ ముక్క ముందే ఏడవచ్చు కదే!"

"చెప్పాలని తట్టలేదక్కా."

మర్నాడు పొద్దున్నే ఉలీ సుత్తీ తీసుకుని కూర్చుంది చెల్లెలు. సాయంత్రానికి ఊడింది జానెడు. మేస్త్రి వచ్చి తల గోక్కున్నాడు. "వస్తుందమ్మా, రాక ఎక్కడికి పోతుంది! తొందరపడితే దిమ్మె బీట ఇస్తుంది. నెలపైన పడుతుంది."

మూడు రోజులు టకటకా అదే చప్పుడు. ఒక్కొక్క దెబ్బా అక్క గుండెలమీద పడుతోంది. మిషను ముట్టుకోలేదు. తొక్కితే తప్పు, తొక్కకపోతే బెట్టు. చెల్లెలు పల్లెత్తు మాట అనకపోవడం మరీ కష్టంగా ఉంది, తిట్టినా బాగుండేది.

నెలాఖరుకు వారం ఉంది.

"కొండవాళ్ళను ఇంకో నెల గడువు అడుగుతానక్కా," అంది చెల్లెలు దుమ్ము ఊదుతూ. "ఇది తేలేదాకా."

గడువు అనే మాట అక్క చెవిలో పోతాననే మాటలా పడింది. మూడు రోజులుగా మింగుతున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది.

"గడువెందుకు? పోవాలని ఉంటే పో. పోతూ పోతూ నెపం సిమెంటుమీద పెట్టకు."

సుత్తి ఆగింది.

"ఉండిపోదామనే కదక్కా తవ్వుతున్నాను."

అప్పుడైనా నాలుక కరుచుకోవచ్చు. చెల్లెలు తలెత్తి, అక్క ఏదైనా అంటుందేమోనని చూస్తూనే ఉంది. అక్క మొహం తిప్పుకుని, "నా మిషను నీకు అడ్డం, నేను అడ్డం. ఎన్నాళ్ళని మొయ్యను ఈ మాట?" అంది. ఎవరూ అనని మాట అది.

చెల్లెలు లేచి చేతులు కడుక్కుంది. ఉలి తుడిచి డబ్బాలో పెట్టింది. "సరే," అంది. ఆ రాత్రే వస్తున్నానని కొండకు రాసింది. అక్క పక్క గదిలో మేలుకునే ఉంది. కలం గీసుకునే చప్పుడు వింటూ, లేచి వెళ్ళడానికి రెండడుగులు చాలునని తెలిసీ, లేవలేదు.

చెల్లెలు వెళ్ళిన మర్నాడు ఆ ఉలి అక్క పట్టింది. వేళ్ళు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుంది. మేస్త్రి జాలిపడి సాయంత్రాలు వచ్చి చెయ్యి వేసేవాడు. అయిదు వారాలకు సందు అడుగుదాకా ఖాళీ అయింది. దిమ్మెమీద నీళ్ళగిన్నె పెట్టి అక్క కళ్ళార్పకుండా కూర్చుంటే, మేస్త్రి మిషను తొక్కాడు. దారం తెంపేసి, సూది విరగ్గొట్టి, "చాలామ్మా, నా పరువు పోతోంది," అనేదాకా తొక్కాడు. గిన్నెలో నీరు కదల్లేదు.

అదంతా ఉత్తరం రాసింది. నీళ్ళగిన్నె సంగతి రాసింది, సూది విరిగిన సంగతి రాసింది. ఆ రోజు తానన్న మాట తప్పని మాత్రం రాయలేదు. అది ఎదురుగా చెప్పాల్సిన మాట అనుకుంది. వచ్చాక చేతిలో చెయ్యి వేసి చెబుదామనుకుంది.

జవాబు వచ్చింది: "సూదికి మేస్త్రిని తిట్టకు. మే ఒకటి నుంచి సెలవిచ్చారు. వస్తానక్కా."

చెల్లెలు కొండకు వెళ్ళింది జనవరి ముప్ఫైన. ఆ ఏడే ఏప్రిల్ పద్దెనిమిదిన, మంగళవారం పొద్దున, అక్కడి ఆసుపత్రిలో న్యుమోనియాతో చనిపోయింది. ఇంటికి తిరిగి రాలేదు.