ఎడమచేతి వైపు కడ్డీ

చెల్లెలు బస్సు కండక్టరు. అక్క దర్జీ. మిషను తొక్కి తొక్కి చెల్లెల్ని చదివించింది అక్కే. పక్షవాతం వచ్చి అక్క కుడివైపు పడిపోయాక, ఆ అద్దె ఇంట్లో బాత్రూమే పెద్ద గండమైపోయింది. నేలమీద కూర్చునే పాతరకం మరుగుదొడ్డి. చెల్లెలు చంకల కింద చేతులు వేసి అక్కను దింపేది, మళ్ళీ లేపేది.

"నన్ను ఎత్తీ ఎత్తీ నువ్వు పహిల్వానువైపోతున్నావే" అని అక్క నవ్వించేది.

కమోడ్ పెట్టించమని చెల్లెలు కాళ్ళరిగేలా తిరిగినా, గచ్చు పగలగొట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. చివరికి కింది వాటా గోడలు చెమ్మెక్కి, పైపులు మార్చక తప్పదని తేలాక సరేనన్నాడు.

ప్లంబరు వచ్చిన రోజే అక్క తన కుర్చీని బాత్రూం గుమ్మం దగ్గర వేయించుకుంది. కుడిచెయ్యి ఆడదు కాబట్టి, పట్టుకుని లేవడానికి కడ్డీ ఎడమవైపు ఉండాలని చెప్పింది. కూర్చున్నచోటి నుంచే అన్నీ పురమాయిస్తుంటే, ప్లంబరు ఆమెకు పెద్దమేస్త్రీ అని పేరు పెట్టాడు. పని మాత్రం అనుకున్నట్టు సాగలేదు. లోపలి పైపు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. గచ్చు ఇంకా తవ్వాల్సి వచ్చింది.

అన్నాళ్ళూ అదే అంతస్తులో ఉన్న ఎదురింటి బాత్రూమే దిక్కు. చెల్లెలు డ్యూటీకి వెళ్తే ఎదురింటావిడే విసుక్కోకుండా తీసుకెళ్ళేది. అయినా అక్కకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. అందుకని నీళ్ళు తాగడం మానేసింది. చెల్లెలు నింపిపెట్టిన సీసా కిటికీలో మొక్కకు పోసేసేది. సాయంత్రం ఖాళీ సీసా చూసుకుని చెల్లెలు నిశ్చింతగా ఉండేది.

ఒకరోజు అక్కకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. ఒంట్లో నీరు లేక, మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. చెల్లెలు గుచ్చిగుచ్చి అడిగితే అక్క నిజం చెప్పింది.

"ఎందుకిలా చేశావక్కా?"

"పరాయివాళ్ళ చేత ఎన్నిసార్లని లేపించుకోనే? మనది తయారయ్యాక కడుపునిండా తాగుదామనుకున్నా."

మర్నాడు పోయింది.

కమోడ్ బిగించి, సిమెంటు ఆరాక వస్తానని వెళ్ళిన ప్లంబరుకు ఈ సంగతి తెలియదు. కడ్డీ, డ్రిల్లు పట్టుకుని వచ్చాడు.

"పెద్దమేస్త్రీ గారు పడుకున్నారా? ఒక్కసారి కూర్చోబెట్టండమ్మా, ఎత్తు చూసుకుని బిగించేస్తా."

 చెల్లెలు తనే వెళ్ళి కమోడ్ మూతమీద కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతిని గోడకు ఆనించింది. అక్క తనకంటే కాస్త పొట్టి అని గుర్తొచ్చి, చేతిని కొంచెం కిందికి జరిపింది.

"ఇక్కడ పెట్టండి" అంది.

అతను ఆమె ముఖం చూశాడు. గదిలో పరుపు చుట్టేసి ఉన్న మంచం చూశాడు. పెన్సిలుతో గీత గీసి, కన్నాలు వేసి బిగించాడు. తన బరువంతా వేసి లాగి చూశాడు. తర్వాత గుమ్మంలో కూలబడి, ఎప్పుడమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. పని తొందరగా తెమిల్చి ఉంటే బాగుండేదని అతను తలదించుకుంటే, పైపు అంత పాడై ఉంటే మీరు మాత్రం ఏం చేస్తారని ఆమే ఓదార్చింది.

"తీసెయ్యమంటారా?"

"ఉండనివ్వండి."

ఇల్లు ఖాళీ చేసేదాకా ఆమె ఆ బాత్రూం వాడలేదు. పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుని ఎదురింటికి వెళ్ళేది. ఎదురింటావిడ ముందే తలుపు తీసి ఉంచేది.