అంత్యక్రియల మినహాయింపు

హనుమంత రావుది జగిత్యాలలో జెండాల వ్యాపారం. ఆర్డర్లు ఆయన తెస్తాడు, సిరిసిల్లలో రాజనర్సు తన సాంచాల మీద గుడ్డ నేసి, అచ్చు వేయించి ఇస్తాడు. ఎన్నికలొస్తే నాలుగు పార్టీల జెండాలూ ఒకే సాంచా మీద అన్నదమ్ముల్లా పుడతాయి. ఎవరి జెండా, దేనికి అని అడగడం ఆ వ్యాపారంలో మర్యాద కాదు. కాగితాలన్నీ సరుకు కదిలాకే. అంతవరకు ఫోన్లో మాటే ఆర్డరు.

అలాంటి మాటే ఒకటి సముద్రాల అవతలి దేశం నుంచి వచ్చింది. అక్కడి పార్టీ కార్యదర్శి ఒకాయన, దుబాయిలో పరిచయమైన పెద్దమనిషి, తమ నాయకుడి బొమ్మతో పదివేల జెండాలు కావాలన్నాడు. చుట్టూ నల్ల అంచు ఉండాలన్నాడు.

బొమ్మ చూసి రాజనర్సు తల గోక్కున్నాడు. "సారూ, గీయన మొన్ననే మీటింగ్ల మాట్లాడంగ ఫోన్ల చూసిన. బతికున్నోనికి నల్ల అంచేంది?"

"వాళ్ల దేశంల గదే ఫ్యాషనేమో. నువ్వు నెయ్యి," అన్నాడు హనుమంత రావు.

మూటలు కట్టిన రోజే ఆ నాయకుణ్ణి నిండు సభలో కాల్చి చంపారు. రెండు రోజులకు సరుకు విమానమెక్కింది. చంపించింది కార్యదర్శేనని అనుమానం పుట్టింది. పెద్ద దేశాలన్నీ మహా కోపంతో అతని మీద ఆర్థిక ఆంక్షలు విధించాయి. అతను మాత్రం తన మేడలో హాయిగానే ఉన్నాడు. హనుమంత రావుకు రావలసిన డబ్బే జగిత్యాల బ్యాంకు గుమ్మంలో ఆగిపోయింది. సారంగాపూర్ పొలం కుదువపెట్టి నూలు కొన్నాడాయన. డబ్బు రాకపోతే పొలం పోయినట్టే.

బ్యాంకు మేనేజర్ రచన మర్యాదగానే చెప్పింది. "ఆంక్షలల్ల ఒక్క మినహాయింపు ఉంది సర్. అంత్యక్రియల ఖర్చుకు. ఆ నాయకుడు చనిపోయినంక వచ్చిన ఆర్డరైతే పైసలు వదుల్తరు. ముందే వచ్చిందంటే మీ మాట అక్కడి కోర్టుకు పోతది. చావు సంగతి కార్యదర్శికి ముందే తెలుసనేటందుకు వాళ్లకు గదే సాక్ష్యం కావాలె. మరి ఎప్పుడొచ్చింది సర్?"

తాత ముత్తాతలు ఊళ్లకు తీర్పులు చెప్పిన వంశం హనుమంత రావుది. నిజం విలువ ఆయనకు తెలియక కాదు, పొలం విలువ కూడా తెలుసు.

"చనిపోయినంకనే," అన్నాడు.

"రెండు రోజులల్ల అన్ని నేసిండ్రా?"

"సిరిసిల్ల సాంచాలంటే ఏమనుకున్నరు మేడం," అంటూ సంతకం పెట్టాడు.

డబ్బు వచ్చింది, పొలం విడిపించుకున్నాడు. రాజనర్సుకు కూలీ కొంచెం ఎక్కువే ఇచ్చాడు, అతను అడగకుండానే.

కొన్నాళ్లకు ఆ దేశపు కోర్టు తీర్పు వెలువడింది. చావు కబురు విని, ఆ దుఃఖంలో కూడా అప్పటికప్పుడు జెండాలు చేయించిన మనిషి హంతకుడెలా అవుతాడని కోర్టు ముచ్చటపడింది. అందుకు కార్యదర్శి వకీలు బ్యాంకు నుంచి తెప్పించిన జగిత్యాల వ్యాపారి సంతకాన్నే ఆధారంగా చూపింది. దానితో ఆంక్షలూ ఎత్తేశారు.

హనుమంత రావు అన్నం తింటుంటే టీవీలో ఆ వార్తే వస్తోంది. చనిపోయిన నాయకుడి భార్య కోర్టు మెట్లు ఒంటరిగా దిగుతోంది. వెనకాలే కార్యదర్శి పూలదండలతో వచ్చాడు.

"ఏ పాపం తెల్వని మనిషిని ఎంత గోసపెట్టిండ్రండీ," అంది ఆయన భార్య శారద, దండల మనిషిని చూస్తూ.

తన మీద తనకే అసహ్యం వేసింది.

"అవును," అన్నాడు. కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.