ఆయన కాళ్లకు కుదిరిన పాట

పెళ్లయిన నాటినుంచీ మా ఆయన జేమ్స్ నాకంటే పది అడుగులు ముందే నడుస్తాడు. చర్చికైనా అంతే, సంతకైనా అంతే. ఆయన ముఖం కంటే వీపే నాకు బాగా తెలుసు. అందుకే మా నలభయ్యో పెళ్లిరోజుకు, కుప్పంలో టీచరుగా ఉన్న మా కూతురు జెమీమా "మమ్మీ, కేక్ కోసినాక నువ్వూ డాడీ మెల్లగా డాన్స్ చేయాల" అన్నప్పుడు నాకు సిగ్గుతో పాటు ఆశ కూడా పుట్టింది. ఒక్కసారైనా ఆ మనిషి నాతో సమంగా అడుగు వేయాలి.

పార్టీకి ముందే మదనపల్లెలో మా ఇంటికి వచ్చేసి, జెమీమా ఫోనులో పాటలు పెట్టి మా ఇద్దరి చేతా అడుగులు వేయించడం మొదలుపెట్టింది. పాతవి, కొత్తవి, ఇంగ్లీషువి. మా ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి తీసి రిటైరైన మనిషి కదా, కొన్ని పాటలకు తనే ఎక్స్‌రేకు నిలబడినట్టు ఊపిరి బిగబట్టాడు. మిగతావాటికి బస్సు కదిలిపోతున్నట్టు నన్ను లాక్కుపోయాడు. నా కాలివేళ్లు వాచాయి.

"ఇంక సాలప్పా! నీ కాళ్లకు నెమ్మదనేది తెలిస్తే కదా!" అని కసిరాను.

ఆయన నొచ్చుకున్నాడు. "యాల తెలీదు? ఉండు, నేనే పాడతా" అంటూ నా నడుం మీద చెయ్యేసి, కళ్లు మూసుకుని కూనిరాగం అందుకున్నాడు. కుదుపు లేకుండా, ఆగి ఆగి, ఎంత భద్రంగా నడిపించాడో! నాకు గాలిలో తేలినట్టుంది. కాసేపటికి ఆ రాగం ఎక్కడిదో తట్టింది.

"ఓరి దేవుడా! ఇది సమాధుల తోటకు పోయేటప్పుడు పాడే పాట కదప్పా!"

జెమీమా పడీ పడీ నవ్వింది. ఆయన నవ్వలేదు. "మన సంఘంలో ఎవురు పోయినా పెట్టె మోసేది నేనే గదమే. పెట్టె కదలకుండా నడిసింది ఈ పాటతోనే. ఇంకే పాటకూ నాకు నెమ్మదిగా నడిసేది రాదు."

కోపం రావలసింది, రాలేదు. సరే, అదే కానిమ్మన్నాను.

పార్టీ రోజు మధ్యాహ్నం, హాలంతా బిరియానీ వాసన. జెమీమా స్పీకరులో ఏదో ప్రేమపాట చిన్నగా పెట్టింది. ఆయన నా చెవిలో తన పాట పాడాడు. ఒక్క అడుగూ తప్పలేదు. జనం ఈలలు, చప్పట్లు! పక్కింటి శాంతమ్మ ఊరుకుంటుందా?

"ఏందక్కా, అన్న నీ చెవిలో అంతసేపు ఏం చెప్తా ఉండాడు?"

"మొగుడూ పెళ్లాల మాటలు నీకేలమ్మా?" అన్నాను. ఎంత సంతోషంగా ఉందో, నవ్వు ఆగలేదు.

విందయ్యాక ఇంటికి బయలుదేరాం. గేటు దాటగానే ఆయన ఎప్పటిలాగే ముందుకు సాగిపోయాడు. ఉసూరుమనిపించింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా! రెండుసార్లు పిలిచాను, వినిపించుకోలేదు. అప్పుడు ఆ రాగం నేనే అందుకున్నాను.

ఆయన కాళ్లు వాటంతటవే నెమ్మదించాయి. వెనక్కి తిరిగి కంగారుగా చూశాడు.

"ఎవురు పోయినారే?"

"ఎవురూ పోలేదు. ఇద్దరం ఉండాం. నా పక్కన నడువప్పా."

నడిచాడు. ఇల్లు చేరేదాకా పాడుతూనే ఉన్నాం.