పదిహేనో రాయి

చల్లటి వాసన.

ఎండ మొహం ఎరుగని మట్టి వాసన... సెల్లారు కోసం తవ్విన గుంతలోంచి లేచి, నాచారం గల్లీ దాటి, చాయ్ బండి మీది అల్లం వాసనను పక్కకు నెట్టి, చీపురు పట్టుకొని నిలబడ్డ శంకరమ్మను వెతుక్కుంటూ వచ్చింది.

నలభై ఆరేళ్ళ తరువాత వచ్చింది.

ఆమె చీపురును గోడకు ఆనించింది. వాసన వచ్చిన దిక్కుకు నడిచింది.

రాజ్యాల చరిత్రలు రాసినవారు ఈ రాజ్యాన్ని మరిచారు. వారిని తప్పుపట్టలేం — ఏనుగు మీది నుంచి చూస్తే కనబడేంతటి రాజ్యం కాదు. పద్నాలుగు ఇండ్లు. పద్నాలుగు పొయ్యిలు. ఎల్లలు: ఉత్తరాన మౌలాలి గుట్ట, దక్షిణాన ఉప్పల్ చేలు, తక్కిన రెండు దిక్కులా మేకలు ఎంతదూరం మేస్తే అంతదూరం. కోశాగారం: ఒక పసుపు డబ్బా. సైన్యం: ఒక కుక్క, అదీ పొరుగూరిది.

ఆ రాజ్యం నేల మీద లేదు. నేల కింద ఉంది.

మొరం పొరల నడుమ తెల్లని పలుగురాతి చార... ఆ చార కడుపులో ఊదారంగు స్ఫటికం. రత్నపరీక్షకులు దానికి ఎన్ని సంస్కృత నామాలు పెట్టారో గాని, తవ్వినవాళ్ళు వంకాయరాయి అన్నారు. చార్మినారు దగ్గరి సేట్లు దాన్ని సానపట్టించి రాణుల కంఠాల దాకా పంపేవారట. తవ్వినవాళ్ళ ఇండ్లకు వంకాయలు చేరేవి.

అవీ రాయి దొరికిన నాడు.

ప్రతి రాజ్యానికీ ఒక ధర్మశాస్త్రం ఉంటుంది. దీనికి రెండే సూత్రాలు.

తాడు పట్టవలసింది భార్య.

తాడు వదులైతే ఎవరూ నోరెత్తరాదు.

నడుముకు తాడు కట్టుకొని మగవాడు గుంతలోకి దిగేవాడు. నీళ్ళు లేకపోయినా దాన్ని బాయి అనే అనేవారు. పైన భార్య ఆ తాడు కొసను అరచేతికి చుట్టుకొని కూచునేది. ఒకసారి గుంజితే గంప పంపాలి. రెండుసార్లు గుంజితే నీళ్ళు. మూడుసార్లు గుంజితే మనిషిని పైకి లాగాలి.

తాడు వదులైందా — రాయి కనబడినట్టే. చారలో ఇరుక్కున్న రాయిని పగలకుండా తీయాలంటే ఒళ్ళంతా వంచి దూరాలి. నడుముకు తాడు అడ్డం. విప్పి పక్కన పడేస్తాడు. ఆ వేళ పైనుంచి పిలవరాదు. మనిషి గొంతు వింటే రాయి ఇంకా లోతుకు దిగిపోతుంది.

అలా దిగిపోయిన రాయిని ఎవరూ చూడలేదు. చూడలేదు గనుకనే ఎవరూ శంకించలేదు.

శంకరమ్మకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. పెళ్ళయి ఆరు నెలలు. బాయిలో ఉన్నది ఆమె భర్త హనుమాండ్లు. మోదుగులు పూసిన కాలం. మౌలాలి వైపు గూడ్సు బండి పోతోంది... పోతోంది... దాని మోతకు బాయి అంచున మట్టి రవ్వలు రాలుతున్నాయి.

బండి పోయింది.

తాడు వదులైంది.

ఆమె నవ్వింది.

చెయ్యెత్తి సైగ చేసింది. పద్నాలుగు ఇండ్లూ కదిలి వచ్చాయి — అలికిడి లేకుండా, పట్టాభిషేకానికి వచ్చిన సామంతుల్లా. అత్త పసుపు తెచ్చింది. ఎవరో కొబ్బరికాయ తెచ్చి, కొట్టలేక, చంకలో పెట్టుకొని నిలబడ్డారు. ఏడవబోయిన పసిదానికి రొమ్మిచ్చి ఊరుకోబెట్టారు. ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నారు. అంతటి నిశ్శబ్దమైన పండుగను ఏ చక్రవర్తీ జరిపి ఉండడు.

ఎంతసేపు?

మోదుగు నీడ జానెడు జరిగేంతసేపు.

ఆ తరువాత దీపాన్ని తాడుకు కట్టి దించారు. మనిషి ఉండవలసిన చోట మన్ను ఉంది.

ఆమె చేతిలోని తాడు గుంజారు. రాలేదు, మన్ను పట్టుకుంది. తవ్వబోతే గోడలు మళ్ళీ జారాయి. దిగబోయినవాణ్ణి నలుగురు పట్టుకొని ఆపారు. మూడోనాడు బాయిని పూడ్చారు. పూడుస్తూ, ఇంటికొక రాయి — దాచుకున్నవాటిలో మేలైనది — మన్నుతోపాటు లోపలికి వేశారు. నేల నుంచి తీసుకున్నది చాలు అన్నట్టు. శంకరమ్మ అత్త వేసింది ఆఖరిది.

పద్నాలుగు రాళ్ళు. శంకరమ్మ లెక్కపెట్టింది. ఆనాడు ఆమె చేయగలిగిన పని అదొక్కటే.

రాజ్యం ఆ సాయంత్రమే పడిపోయింది. దండయాత్ర లేదు, కోట ముట్టడి లేదు. పారలు కడిగి అటక మీద పెట్టారు. ఒకడు బస్సులు కడిగే పనికి పోయాడు. ఒకడు ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించాడు. శంకరమ్మ మున్సిపాలిటీ చీపురు పట్టింది.

ఆమెతో ఒక ప్రశ్న మిగిలింది.

రాయి దొరికి తాడు విప్పాడా?

మన్ను పడి తాడు వదులైందా?

మొదటిదైతే ఆమె నవ్వు న్యాయం. రెండోదైతే... మొగుడు మన్ను మింగుతుంటే, అరచేతికి తాడు చుట్టుకొని, పైన కూచొని నవ్విన ఆడది.

నలభై ఆరేళ్ళు ఆ నవ్వును ఆమె ఎక్కడా దించలేదు.

బాయి మీద చెత్త పడింది. చెత్త మీద మట్టి, మట్టి మీద ప్లాట్లు. ముప్పై ఏళ్ళ కింద భీమవరం నుంచి వచ్చిన కామరాజు అనే గుమాస్తా ఆ ప్లాటు కొని ఇల్లు కట్టాడు. ఈ ఏడు దాన్ని పడగొట్టించి, అయిదంతస్తులకు, కింద రెండు సెల్లార్లకు బిల్డరుకు ఇచ్చాడు.

అదిగో — ఆ సెల్లారు గుంత. బూడిదతెలుపు మొరం నడుమ గుండ్రంగా నల్లటి మట్టి. గాజు పెట్టి గీసినంత గుండ్రం.

శంకరమ్మ ర్యాంపు దిగి ఆ నలుపు మీద నిలబడింది.

"పెద్దమ్మా, జర ఎనకకు జరుగు!" జేసీబీలోంచి డ్రైవరు సురేష్ అరిచాడు. "బకెట్ తాకిందంటే నాకు కేసైతది, నీ ఫొటోకు దండైతది!"

"బండి ఆపు బిడ్డా."

"నేను బండి ఆపితే మా సేటు నన్నాపుతడు. ఏమైంది చెప్పు?"

"అండ్ల నా పెనిమిటి ఉన్నడు."

"యాడ?"

"నీ బకెట్ కింద."

సురేష్ ఇంజను ఆపాడు. పని ఎలా సాగుతోందో చూడవచ్చిన కామరాజు గబగబా దిగివచ్చాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. తాడు సంగతి, నవ్వు సంగతి, పద్నాలుగు రాళ్ళ సంగతి. విని, ఆయన ఇటుకల మీద కూలబడ్డాడు.

"ముప్పై ఏళ్ళుగా మీరు ఊడుస్తూ ఊడుస్తూ మా గోడకి దండం పెడుతుంటే మా వంశం మీద గౌరవమనుకున్నానండీ! మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను."

"మీ వంశమేందో నాకేమెరుక సారూ. మా ఆయనకు పెట్టిన."

"సరిగ్గా ఇక్కడేనండీ మా వంటిల్లు. ఒక్కనాడైనా చెప్పకపోయారా?"

"చెప్తే మీకు బువ్వ దిగుతుండెనా?"

ఆయన ఇటుకల మీంచి లేచాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"పోలీసులకి చెప్పాలి. చెబుతాను. బిల్డరు నా ప్రాణం తీస్తాడు, తియ్యనివ్వండి. ముందు ఆ మనిషిని పైకి తీద్దాం."

"ఒక్క పిడికెడు మన్ను గూడ పారబొయ్యకుర్రి సారూ," అంది శంకరమ్మ. "ప్రతి గంప జల్లెడ పట్టుర్రి. పద్నాలుగు ఊరోళ్ళవి. ఇంకొక్కటుంటె... గది ఆయనది."

"బకెట్ పెట్ట పెద్దమ్మా," అన్నాడు సురేష్. "పారతోనే తీస్త."

పొద్దెక్కింది. ఇసుక జల్లెడ మీద మన్ను ఆడింది. పాత సీసా పెంకు, తుప్పుపట్టిన గొళ్ళెం, చెప్పు ముక్క... నాగరికత అనబడే పొరలన్నీ వరుసగా రాలాయి. వాటి కింద మంచి మన్ను. మంచి మన్నులో మొదటి రాయి.

సురేష్ దాన్ని ప్యాంటుకు రుద్ది ఎండకు పట్టాడు.

"అరె... నిజంగనే వంకాయ తీరుగుంది!"

శంకరమ్మ కొంగు పరిచింది. రెండోది. మూడోది. ఏది ఎవరి ఇంటిదో ఆమెకు తెలియలేదు. మన్ను అన్నింటినీ ఒక్కలాగే పెంచుకుంది. మధ్యాహ్నానికి తొమ్మిది. కూలీలు తిండికి పోలేదు. పది. పదకొండు.

పన్నెండో రాయి పక్కన ఎముక కనబడింది.

కామరాజు కొత్త పంచె తెప్పించాడు. ఎముకలను ఒక్కొక్కటిగా దాని మీద పేర్చారు. నడుముకు తాడు ఉండెనో లేదో చెప్పడానికి ఒక్క పోగైనా మిగల్లేదు. శంకరమ్మ కొంగులో పదమూడు. తరువాత, పక్కటెముకల మీది మన్నులో...

"పద్నాలుగు," అన్నాడు సురేష్. గొంతు తగ్గించి అన్నాడు.

ఇక మిగిలింది ఒక్క గంప. కుడిచేతి చుట్టూ ఉన్న మన్ను.

సురేష్ గంప ఎత్తాడు. కూలీలు పారలు దించారు. కామరాజు ఫోను నోరు మూయించాడు. గల్లీలోంచి చూస్తున్నవాళ్ళు గుంత అంచుకు జరిగారు. ఒక్క రాయి పడితే చాలు — చిన్నదైనా, పగిలినదైనా — ఆమె నవ్వుకు అర్థం దొరుకుతుంది. అందరికీ తెలుసు. అందుకే ఎవరూ నోరెత్తలేదు. ఎవరూ చెప్పకుండానే, ఆ పాత రాజ్యపు ధర్మశాస్త్రాన్ని అందరూ పాటిస్తున్నారు.

ఆ నిశ్శబ్దాన్ని శంకరమ్మ గుర్తుపట్టింది.

గంప జల్లెడ మీదికి వంగింది.

"ఆగు బిడ్డా."

ఆమె మోకాళ్ళ మీద కూచుంది. పంచె మీది ఎముకల వైపు కాదు, ఖాళీ అయిన బాయి వైపు. అంచు పట్టుకొని వంగింది. గొంతు వింటే రాయి దిగిపోతుంది. ఈ మాట నమ్మనని ఆమె ఇన్నేళ్ళలో ఒక్కనాడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. దిగిపోతే పోనీ...

"హనుమాండ్లూ!"

పెండ్లాం మొగుడి పేరు పలకని కాలపు మనిషి. మొదటిసారి పలికింది. బాయి పేరును మింగింది.

"ఓ హనుమాండ్లూ... యాడున్నవయ్యా? పలుకు!"

ఆమె చెవి ఒగ్గి కూచుంది.

సురేష్ చేతుల్లో గంప అలాగే ఉంది. కింది నుంచి చల్లటి వాసన లేస్తోంది... లేస్తూనే ఉంది.