జరగనివాటి బల్ల

ఉదయం పదింటికల్లా ప్రొఫెసరమ్మ తన గదిలో బల్ల తుడిపించి సిద్ధంగా ఉంచుకుంటుంది. ఆవిడ చదివిందీ చెప్పేదీ మనస్తత్వశాస్త్రం. అందులోనూ, జరగనివి జరిగినట్టు మనకెందుకు గుర్తుంటాయన్నదే ఆవిడ పరిశోధన. పద్ధతి మామూలుదే. వచ్చినవాళ్ళ చిన్ననాటి సంగతులు వాళ్ళింట్లో పెద్దల్ని అడిగి తెలుసుకుంటుంది. ఆ నిజాలన్నీ గుర్తుచేస్తూ మధ్యలో ఓ అబద్ధం కలిపేస్తుంది. "కళ్ళు మూసుకోండి, తొందరేం లేదు" అంటుంది. కొన్ని వారాలు తిరిగేసరికి చాలామంది ఆ అబద్ధాన్నే పూసగుచ్చినట్టు చెబుతారు. చెప్పడం అయ్యేసరికి అందులోని వస్తువేదో చప్పుడు లేకుండా బల్ల మీదికి వచ్చేస్తుంది.

బజార్లో తప్పిపోయానన్న బ్యాంకు ఆఫీసరుకి పసిపిల్లల చెప్పు ఒకటి వచ్చింది. కుక్క కరిచిందన్న ఆవిడకి తెగిన గొలుసు. నిజంగా జరిగింది చెబితే మాత్రం ఏమీ రాదు. జరిగింది జరిగిపోయింది, ఇంక మిగలడానికేముంది? "ఇంకో బీరువా ఇప్పించకపోతే నా వల్ల కాదు మేడమ్" అని అటెండరు గొణుగుతూనే ఉంటాడు.

ఆ బల్ల ముందు కుర్చీలో ప్రొఫెసరమ్మ తను మాత్రం ఏనాడూ కూర్చోలేదు.

ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, నడక వచ్చీ రాని తమ్ముడు గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళి లారీ కింద పడ్డాడు. గేటుకి గొళ్ళెం పెట్టనిది తనే. బడి నుంచి వచ్చి, గేటు తోసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తడం ఆవిడకి ఈనాటికీ గుర్తే. అందుకే పిల్లలు వద్దంది. ఎవరి పిల్లల్నీ ఎత్తుకోదు. భర్త నెమ్మదస్తుడు గనక ఇన్నేళ్ళూ సర్దుకున్నాడు. ఈమధ్య అనాథ శరణాలయంలో ఓ పాప ఆయన వేలు పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

"ఊళ్ళో అందరి జ్ఞాపకాలూ తేలుస్తావు, నీదొక్కటే దాచుకుంటావు" అన్నాడాయన. "ఒక్కసారి కూర్చో. ఆ తర్వాత కూడా వద్దంటే ఆ పిల్లని తెచ్చుకుందామన్న మాట ఇంక ఎత్తను."

కూర్చుంది. పక్కన ఇంటి పెద్దలు ఉండాలన్నది తను పెట్టిన నియమమే గనక తల్లిని తెచ్చుకుంది. కళ్ళు మూసుకుని మొత్తం చెప్పింది. తెరిచేసరికి బల్ల మీద ఇనుప గొళ్ళెం ఉంది. తల్లి దాన్నే చూస్తోంది. తలచుకుంటే కూతురు కళ్ళు తెరవకముందే ఆ తల్లి దాన్ని తీసి సంచిలో వేసేసుకోగలిగేది. వేసుకోలేదు.

"నువ్వు కాదే తల్లీ" అంది. "పక్కింటావిడ పిలిస్తే నేనే గేటు తీసుకుని వెళ్ళాను, గొళ్ళెం పెట్టలేదు. ఒక్క మాట మాట్లాడి వచ్చేద్దామనుకున్నా. నువ్వప్పటికి బడి నుంచి రానేలేదు."

"మరి నేనేనని..."

"నువ్వు రాగానే ఆ గొడవలో 'గేటు నువ్వే తీశావా' అని అరిచాను. ఏడుస్తూ ఔనన్నావు. తర్వాత నేనూ అదే నమ్మేశాను. నమ్మకపోతే బతకలేకపోయేదాన్నమ్మా."

తల్లి చెప్పినదానికి గొళ్ళెం పక్కన ఇంకేమీ రాలేదు. కూతురికి పట్టరాని కోపం వచ్చింది. అంతకు మించి జాలీ వేసింది.

పాప ఇంటికొచ్చింది. ప్రొఫెసరమ్మ పాపని చంక దింపేది కాదు. అమ్మమ్మ మాత్రం పాప చేతులు చాపితే తన చేతులు వెనక్కి దాచుకునేది. "నన్ను నమ్మి పిల్లనివ్వకండి" అనేది. అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోయేది. కూతురు ఇన్నేళ్ళు మోసిన బరువు ముసలామె నెత్తికెక్కింది. ఆ వయసులో ఆవిడ దాన్ని మోయలేకపోయింది.

ప్రొఫెసరమ్మ తనకు చేతనైన పనే చేసింది. వారం వారం తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాత ఇల్లు, వరండా, పక్కింటావిడ కీచుగొంతు, అన్నీ నిజాలే గుర్తుచేసింది. వాటి మధ్య ఒకటి కలిపింది.

"గొళ్ళెం పెట్టే వెళ్ళావమ్మా. మేకు ఊడిపోయింది. నాన్న తర్వాత బాగుచేయించారు కదా?"

"ఏమోనే" అంది తల్లి మొదట్లో. తర్వాతి వారం "తుప్పు పట్టి ఉండేది కాబోలు" అంది. ఇంకొన్నాళ్ళకి తనే, "పద, నీ గదికెళ్దాం. నేను చెబుతాను" అంది.

కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంది.

"పెట్టానే. బిగుసుకుపోయి ఉంటే రెండు చేతులతో లాగి మరీ పెట్టాను. వేలు కూడా నలిగింది. ఆ మేకు ఊడిపోతుందని నాకేం తెలుసు?"

బల్ల మీద తుప్పు పట్టిన మేకు కనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఫలితాన్నీ తారుమారు చేసి ఎరగని మనిషి, దాన్ని తీసి గుప్పిట్లో దాచుకుంది.

"ఏమైనా వచ్చిందా?"

"ఏమీ రాలేదమ్మా."

ముసలామె కళ్ళు తెరిచి, నమ్మలేనట్టు బల్లంతా తడిమి చూసింది. బల్ల మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని లేచింది.

"రేపట్నుంచి పాపని నా దగ్గర వదిలేసి కాలేజీకి వెళ్ళు. గేటు సంగతి నేను చూసుకుంటాలే."

"సరేనమ్మా" అంది కూతురు, గుప్పిట విప్పకుండా.