మూలమట్టం చెప్పిన మాట

వడ్రంగంలో అసిరయ్య ఎంత గట్టివాడో, పిరికితనంలో అంతకు రెండింతలు గట్టివాడు. పూండి నుంచి టెక్కలి వచ్చి, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు రామమూర్తి గారింట్లో తలుపు బిగిస్తున్నాడన్నమాటే గానీ, ధ్యాసంతా సంచిలోని కాగితం మీదే. కిడ్నీల కోసం చేయించుకున్న రక్తపరీక్ష రిపోర్టు అది. చేతికొచ్చి నాలుగు రోజులైనా ఎవరిచేతా చదివించలేదు. తమ్ముడు సోములు పోయింది ఆ జబ్బుతోనే. చదివించకపోతే జబ్బు ఉండదని ఈయన గారి లెక్క. ఏం తెలివండీ!

పెళ్లాం దాలమ్మ ఊరుకునే మనిషి కాదు. పనిలో సాయమని వెంట వచ్చిందే అందుకు. మొగుడు మేకు కొడుతుండగా సంచిలోంచి కాగితం లాగి మాస్టారి చేతిలో పెట్టేసింది. అసిరయ్య మేకు కొట్టడం ఆపేశాడు.

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చదివి, క్రియాటినిన్ పాయింట్ తొమ్మిది, అంతా నార్మల్ అన్నారు.

దాలమ్మ రావివలస మల్లన్నకి అక్కడినుంచే దండం పెట్టింది. అసిరయ్య మాత్రం మొహం ముడుచుకున్నాడు. నార్మల్ అన్న మాట వింటేనే అతనికి ఒళ్లు మంట.

"మా తమ్ముడికీ ఇదే మాట సెప్పినారు మాస్టారూ. నిజం సెప్పీయండి."

చెప్పిందెవరు, ఏం చూసి చెప్పారని మాస్టారు అడిగారు. ఊళ్లో మందులిచ్చే ఆయనట. నాడి పట్టుకుని, నాలుక చూసి, నార్మలే నార్మలే అంటూ ఏడాది నడిపించాడట. రక్తం తియ్యనే లేదట.

మాస్టారు తలుపు పక్కనున్న, మూల తిన్నగా కుదిరిందో లేదో చూసే మూలమట్టం అందుకున్నారు. నార్మల్ అన్న మాట పుట్టిందే దీన్నుంచి అన్నారు. పూర్వం లాటిన్ వాళ్లు వడ్రంగి మూలమట్టాన్ని నార్మా అనేవారట. దానికి సరిగ్గా సరిపోయిందే నార్మల్. పోనుపోను ఇంగ్లీషువాళ్లు మామూలుగా ఉన్న ప్రతిదానికీ ఆ మాట అంటించేశారు. మనమైతే బస్సు ఆలస్యమైనా నార్మలే, కూరలో ఉప్పు తగ్గినా నార్మలే.

"నువ్వు మూలమట్టం పెట్టకుండా తలుపు సరిగ్గా ఉందంటావా?"

"ఎలాగంటానండి?"

"మీ తమ్ముడికి కొలవకుండా అన్నారు. నీకు కొలిచి అన్నారు. ఇదిగో కొలత, ఇదిగో హద్దు."

ఇంగ్లీషు రాకపోయినా అంకెలొచ్చు. వెంట్రుకవాసి తేడా పట్టే కళ్లతో అసిరయ్య తన అంకెనీ, పక్కనున్న హద్దునీ మార్చి మార్చి చూశాడు. హద్దు లోపలే ఉంది. గుండెల మీద బండ దిగిపోయింది. నలభై ఐదేళ్ల మనిషి గడప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. దాలమ్మ నాలుగు తిట్టింది, తిడుతూనే తనూ ఏడ్చింది.

"ఆడికీ కొలిచి సూసుంటే బతికేవోడే," అన్నాడు కాసేపటికి. తరవాత ముక్కు తుడుచుకుని, "రేపు నీకూ పరీచ్చ సేయిద్దామే. కాగితం వచ్చిన రోజే మాస్టారి కాడికి వచ్చేద్దాం," అన్నాడు.

దాలమ్మ సరేనని అన్నం క్యారేజీ విప్పింది. నాలుగు రోజులుగా అన్నం సయించని అసిరయ్య అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాడు.